వాగు బతికితే ఊరు బతుకుతది



ఈ రోజు మాట కూడవెల్లి వాగు గురించి. సిద్దిపేట జిల్లా ఆడవాళ్ళకు ఈ వాగు కొత్త కాదు. గజ్వేల్ దిక్కు నుంచి వస్తది. తొగుట, మిరుదొడ్డి, దుబ్బాక దిక్కు ఊళ్ళ పక్క నుంచి పారుతది. నర్మాల దగ్గర ఎగువ మానేరులో కలుస్తది. మానేరు పోయి గోదావరిలో కలుస్తది. అంటే మన ఊరి ఒర్రెలో పడ్డ చినుకు కూడా గోదారమ్మ దాకా పోతదన్నట్టు.

వాగు ఒడ్డున కూడవెల్లి రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. ఆ లింగాన్ని రాముడే నిలిపాడని భక్తుల నమ్మకం. మాఘ అమావాస్యకు అక్కడ జాతర జరుగుతది. పిల్లాజెల్లతో పోయి వాగులో స్నానం చేస్తారు. దేవునికి మొక్కుతారు. వాగులో నీళ్ళు లేకుంటే ఆ స్నానం ఎక్కడ? బతుకమ్మ పండుగ కూడా అంతే. తంగేడు, గునుగు పూలు తెచ్చి పేరుస్తాం. ఆడి పాడి చివరకు చెరువులోనో వాగులోనో సాగనంపుతాం. నీళ్ళు లేని ఊర్లో బతుకమ్మను ఎక్కడ సాగనంపాలె?

ఇసుక పోతే ఏమైతది?

కొందరు అంటారు: "ఇసుకే కదా! మళ్ళీ వానొస్తే వస్తది." అది నిజమేనా? చూద్దాం.

వెనుకట ఎండకాలంలో ఆడవాళ్ళు వాగులో చెలిమ తోడేవారు. చేత్తో ఇసుక తీస్తే చాలు, తేట నీళ్ళు ఊరేవి. ఆ నీళ్ళు ఎక్కడివి? ఇసుక రేణువుల నడుమ సందులుంటాయి. వాన నీళ్ళు ఆ సందుల్లో దాగుతాయి. మీద ఇసుక ఉండటం వల్ల ఎండకు తొందరగా ఆవిరి కావు. మెల్లగా భూమిలోకి దిగుతాయి. పక్క పొలాల బాయిల్లో, బోర్లలో ఊట పెరుగుతది. ఇసుక వాగుకు గాదె లాంటిది. గాదెలో గింజలు దాచినట్టు ఇసుక నీళ్ళు దాస్తది.

ఇసుకంతా ట్రాక్టర్లలో పోతే అడుగున మట్టి, బండ తేలుతాయి. వాన నీళ్ళు నిలువవు. వచ్చినవి వచ్చినట్టే ఉరికిపోతాయి. ఒడ్డు కోసుకుపోతది. బోర్లు ఎండుతాయి. ఇంకా లోతుకు బోరు వేయాలంటే అప్పు చేయాలె. ఒక్క రాత్రిలో తోడిన ఇసుక మళ్ళీ పేరుకోవాలంటే ఏండ్లు పడుతది.

నల్లా ఉంది కదా, వాగెందుకు?

ఈ మాట కూడా వింటుంటాం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. ఇంటికి నల్లా నీళ్ళు వచ్చాయి. బిందె మోసే బాధ తగ్గింది. మంచిదే. కానీ పొలానికి నీళ్ళు నల్లా ఇస్తదా? గొర్లకు, బర్లకు, పిట్టలకు నల్లా చాలునా? నల్లా వచ్చినంక వాగు దిక్కు చూసుడు తగ్గింది. మనం చూడని చోటికే ట్రాక్టరు వస్తది.

2021 ఎండకాలంలో కాళేశ్వరం నీళ్ళను కొండపోచమ్మ సాగర్ నుంచి కూడవెల్లి వాగులోకి వదిలారు. చెక్ డ్యాములు నిండాయి. నీళ్ళు ఎగువ మానేరు దాకా పోయాయి. రైతులు సంతోషపడ్డారు. కానీ 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. కాల్వ నీళ్ళు ప్రతి ఏడు వస్తాయని ధీమాగా కూర్చోలేం. ఒకవేళ వచ్చినా, ఇసుక లేని వాగు వాటిని దాచలేదు.

చదువు ఎట్ల పనికొస్తది?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకున్నారు. పాఠం చదువుతూ సారా వల్ల ఇండ్లు ఎట్ల ఆగమవుతున్నాయో మాట్లాడుకున్నారు. అందరూ కలిసి సారా అంగడిని అడ్డుకున్నారు. ఆ మాట ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందైంది. ఆ ఆడవాళ్ళు కూడా మనలాగే కూలినాలి చేసుకునేవాళ్ళే.

మనం ఏం చేయవచ్చు?

వాగు ఇసుక తీయాలంటే సర్కారు అనుమతి కావాలె. నీళ్ళను, నేలను, చెట్లను కాపాడటానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. ట్రాక్టరు వస్తే "కాగితం ఉంది" అంటారు. ఆ కాగితం అడిగి చదవండి. ఏ వాగు? ఏ తారీఖు? ఎన్ని ట్రిప్పులు? ఒక్కటి తప్పినా తహసీల్దారుకు రాసి ఇవ్వండి. రాత్రిపూట ఒంటరిగా అడ్డం పోవద్దు. పది మంది కలిసి పోండి, పోలీసులకు చెప్పండి.

గ్రామసభకు పోండి. వాగు మాట తీర్మానంలో రాయించండి. రాసింది చదివి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

జాతరకు పోయినప్పుడు ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు వాగులో వేయవద్దు. బతుకమ్మను అడవి పూలతోనే పేర్చండి. రంగు కాగితాలు, థర్మాకోల్ నీళ్ళలో కలవవు.

చదివి మాట్లాడుకోండి

1. మీ ఊరి వాగు పేరేమిటి? అది ఎక్కడికి పోయి కలుస్తది?
2. మీ అమ్మ చెలిమ తోడిన చోట ఇప్పుడు ఇసుక ఉందా?
3. మీ వాగు గురించి తహసీల్దారుకు నాలుగు వాక్యాల అర్జీ రాయండి. కింద అందరూ సంతకం చేయండి.