సిగ్నల్ పోయినా లెక్క పోకూడదు

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అందులో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈదురుగాలికి కరెంటు పోతుంది, సెల్ టవర్ మూగబోతుంది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో వేరుశనగ రైతుకు పరిహారం తేలేది ఆ వాన లెక్కలమీదే మరి!

అందుకే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో డేటా లాగర్ అనే చిన్న పెట్టె పెడతారు. వాన నీళ్లు పట్టే గరాటు కింద ఉన్న బుల్లి తొట్టి నిండి ఒరిగినప్పుడల్లా లాగర్ ఒకటి లెక్కపెట్టి, తేదీ, సమయంతో సహా రాసుకుంటుంది. సోలార్ పలకతో నిండే బ్యాటరీయే దానికి ఆధారం. సిగ్నల్ తిరిగి వచ్చాక దాచిన లెక్కలన్నీ వరుసగా పంపుతుంది. గడియారం తప్పిందా, ఏ వాన ఏ రోజుదో తేల్చలేం. నన్నడిగితే ఇక్కడ మంచి సిమ్ కన్నా మంచి గడియారం ముఖ్యం.

లెక్క దాచడం తేలికే, సిగ్నల్ లేనప్పుడు యంత్రం సొంతంగా నిర్ణయం తీసుకోవడమే కష్టం. సౌర విద్యుత్ కేంద్రాలనే చూడండి. నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 2016లో 250 మెగావాట్ల సౌర కేంద్రం నెలకొల్పింది. అలాంటి కేంద్రాల్లో ఇన్వర్టర్ ఎండను బట్టి తన పని తానే సర్దుకుంటుంది, గ్రిడ్ పోతే తనే ఆగుతుంది. ఉత్పత్తి తగ్గించమనే ఆదేశం మాత్రం దూరం నుంచి వస్తుంది. ఆ ఆదేశం వచ్చే లైను తెగితే పాత ఆదేశం మీద ఎంతసేపు నడవాలో, తర్వాత ఏ స్థాయికి దిగాలో ముందే యంత్రానికి చెప్పి ఉంచాలి.

ఫోన్‌తో నడిచే మోటారు స్టార్టర్ కొనే రైతులూ ఇదే అడగండి: సిగ్నల్ లేనప్పుడు బోరులో నీళ్లు అయిపోతే, మోటారు తనంతట తానే ఆగుతుందా? సిమ్ తీసేసి చూపించమనండి.