గింజలు తింటున్నా నాకు రక్తం ఎందుకు తగ్గింది?

ఈరోజు నా బ్లడ్ రిపోర్ట్ కథ చెప్తాను.

పోయినేడాది రెండో అంతస్తు ఎక్కితే చాలు, ఆయాసం వచ్చేది. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. మన ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. నాకు షాక్! ఎందుకంటే రోజూ పొద్దున్నే గుప్పెడు గుమ్మడి గింజలు, నువ్వులు తినేదాన్ని.

డాక్టరుగారు ఒకటే అడిగారు, "వాటితో పాటు ఏం తాగుతావమ్మా?" అని. "టీ అండీ" అన్నాను. ఆయన నవ్వారు.

విషయం ఏంటంటే, గింజలో ఉన్నది వేరు, మన ఒంటికి పట్టేది వేరు. 100 గ్రాముల గుమ్మడి గింజల్లో దాదాపు 8 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, నిజమే. కానీ గింజ దాన్ని దాచుకునేది మన కోసం కాదు, రేపు మొలకెత్తే మొక్క కోసం. అందులో ఫైటిక్ యాసిడ్ అని ఉంటుంది. అది ఐరన్‌ని, జింక్‌ని గట్టిగా పట్టుకుంటుంది, వదలదు. పైగా టీలో ఉండే టానిన్లు కూడా ఐరన్‌ని అడ్డుకుంటాయి. నేను రెండూ కలిపి తీసుకున్నాను!

నువ్వుల సంగతీ అంతే. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 100 గ్రాములకి 900 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పొట్టులోనే, అదీ ఆక్సలేట్‌తో కలిసిపోయి ఉంటుంది. అది ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకే "పాల కంటే ఎనిమిది రెట్లు" అని రీల్స్‌లో చూసి పాలు మానేయకండి.

మరి ఏం చేయాలి? పెసలు, శనగలు, రాగులు నానబెట్టి మొలకలు రానివ్వండి. మొలకెత్తేటప్పుడు గింజలోని ఫైటేజ్ అనే ఎంజైమ్ ఆ పట్టు సడలిస్తుంది. ఇడ్లీ పిండి పులిసినప్పుడు కూడా ఫైటిక్ యాసిడ్ తగ్గుతుంది. ఒట్టిగా నానబెడితే లాభం కొంచెమే. మొలకల మీద నిమ్మకాయ పిండండి, లేదా పక్కన ఒక జామకాయ తినండి. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుంది. టీ మాత్రం తిన్న గంట తర్వాతే.

ఇప్పుడు నా హిమోగ్లోబిన్ 12.1. గింజల వల్లే పెరిగిందని అబద్ధం చెప్పను. డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసుకున్నాను. తిండి దానికి తోడైంది, అంతే.

మీకూ నీరసంగా ఉంటే గింజల ప్యాకెట్ కొనే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోండి. మీ ఇంట్లో టీ ఎప్పుడు తాగుతారో కామెంట్లో చెప్పండి. ఉంటాను మరి!