ఘోషాసుపత్రి గుమ్మం



స్త్రీవాదం, పర్దా, పాశ్చాత్య దేశాలు అన్న అంశంపై మాట్లాడమని నన్ను కోరారు. ఈ చర్చను సాధారణంగా పారిస్ నుంచో కాబూల్ నుంచో మొదలుపెడతారు. విశాఖపట్నంలో నిలబడి మాట్లాడేవారు అంత దూరం పోనక్కరలేదు. మన ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని ఇక్కడ ఎవరు ఆ పేరుతో పిలుస్తారు? ఆటోవాలాకు ఘోషాసుపత్రి అని చెబితేనే తెలుస్తుంది. నా పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. ఈ సభలో ఉన్నవారిలోనూ చాలామంది అక్కడే పుట్టి ఉంటారు. ఘోషా అంటే పర్దా. పారశీకంలో ‘గోషా’ అంటే మూల. రోజూ పలికే పేరే అయినా దాని అర్థం మనకు గుర్తు లేదు.

ఆనాడు ఘోషా మన ఇళ్లకే పరిమితం కాదు. జమీందారీ కుటుంబాల్లో, రాజుల ఇళ్లలో హిందూ స్త్రీలకు కూడా ఉండేది. పరపురుషుడైన వైద్యుని ముందుకు రాలేని స్త్రీకి కాన్పు కష్టమైతే ఇక మంత్రసాని, ఆపైన దైవమే దిక్కు. మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు వనిత 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. అక్కడ చేరిన తొలి నలుగురు విద్యార్థినులలో ఆమె ఒకరు. ఆమె చొరవతో 1885లో మద్రాసులో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి వెలసింది. అప్పుడు మన విశాఖ కూడా మద్రాసు రాజధానిలోనిదే. ముసుగు తీసి వస్తేనే వైద్యం చేస్తామని ఆ గుమ్మం దగ్గర ఎవరూ అనలేదు. స్త్రీలు ఏ వేషంలో రాగలరో ఆ వేషంలోనే రానిచ్చారు.

ఇది బ్రిటిషువారికి ప్రశంస కాదు. అదే సామ్రాజ్యం తరఫున లార్డ్ క్రోమర్ 1883 నుంచి 1907 వరకు ఈజిప్టును శాసించాడు. ముస్లిం స్త్రీల ముసుగే ఆ దేశ ప్రగతికి అడ్డంకి అని రాశాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వరాదనే ఉద్యమానికి నాయకుడయ్యాడు. ఈజిప్టులో పుట్టిన విదుషి లైలా అహ్మద్ 1992లో వెలువడిన తన గ్రంథంలో ఈ కపటాన్ని సవివరంగా చూపించారు. 2001 నవంబరు 17న అమెరికా అధ్యక్షుని సతీమణి లారా బుష్ అఫ్ఘాన్ స్త్రీల విముక్తి గురించి రేడియోలో మాట్లాడారు. అప్పటికి ఆ దేశంపై బాంబులు పడటం మొదలై నెల దాటింది. ఆ స్త్రీల బాధ అబద్ధం కాదు. కాని వారి బాధను యుద్ధానికి సాక్ష్యంగా పిలిచినవారు వారిని ఏనాడైనా సలహా అడిగారా?

2004లో ఫ్రాన్స్ ప్రభుత్వ పాఠశాలల్లో హిజాబ్‌ను నిషేధించింది. అంతకుముందు, 1936లో ఇరాన్ పాలకుడు రెజా షా ఆజ్ఞ మేరకు పోలీసులు వీధుల్లో స్త్రీల చాదర్లు లాగారు. 1979 విప్లవం తరువాత అదే ఇరాన్‌లో హిజాబ్ చట్టమై కూర్చుంది. దాని పేరుతో పోలీసులు నిర్బంధించిన మహ్సా అమీని 2022 సెప్టెంబరు 16న మరణించింది. ఆమెకు 22 ఏళ్లు. తీసేవాడూ పోలీసే, తొడిగేవాడూ పోలీసే. మొదటిదానిపై మనం సభలు పెడతాం. రెండవదాని గురించి మాట వస్తే గొంతు తగ్గిస్తాం.

స్త్రీవాదం మనకు దిగుమతి సరుకు అని మన పెద్దలు కొందరంటారు. బేగం రొకేయా ఎక్కడి నుంచి దిగుమతి అయ్యారు? బెంగాల్ ముస్లిం ఇంట ఘోషాలో పెరిగిన ఆమె 1905లో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ రాశారు. అందులో పురుషులు మర్దానాలో ఉంటారు, స్త్రీలు రాజ్యమేలుతారు. ఆ కథ తొలిసారి అచ్చయింది మద్రాసు నుంచి వెలువడే పత్రికలోనే. 1911లో ఆమె కలకత్తాలో ముస్లిం బాలికల పాఠశాల నడిపారు. పిల్లలను తెచ్చే బండిని ఎవరి కంటా పడకుండా నలువైపులా మూసేస్తే గాలి ఆడక పిల్లలు సొమ్మసిల్లారు. తలుపులు తీసి తెరలు కడితే, తెరలు గాలికి ఎగిరి పిల్లలు కనబడుతున్నారని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. రొకేయా తల కప్పుకునేవారు. ఆమె పోరాటం గుడ్డతో కాదు, గాలి ఆడనివ్వని ఆ పెట్టెతో.

మన కాలానికి వస్తాను. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు కళాశాలల్లో హిజాబ్‌పై ఆంక్షను సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా తీర్పు చెప్పారు. వారిలో జస్టిస్ సుధాంశు ధూలియా తన మనసులో అన్నిటికంటే ముందున్నది ఆడపిల్ల చదువని స్పష్టం చేశారు. ఆ వసంతంలో మన రేవులో పనిచేసే ఒక తండ్రి తన కూతురిని ఇంటర్ మధ్యలో మాన్పించాడు. నేను వాళ్లింటికి వెళ్లాను. “ఆపా, రేపు గేటు దగ్గర నా బిడ్డను ఆపి తీయమంటే మీరు వచ్చి నిలబడతారా?” అని అడిగాడు. వస్తానన్నాను. ప్రతిరోజూ రాలేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్లకు ఏడాది పోయింది.

ఇక నా సొంత మాట. కొన్నేళ్ల క్రితం ఒక పరీక్షా కేంద్రానికి పర్యవేక్షకురాలిగా వెళితే స్కార్ఫు తీసి లోపలికి రమ్మన్నారు. తీయలేదు, తిరిగి వచ్చేశాను. మీలో ఎందరో నా తరఫున వినతిపత్రంపై సంతకాలు చేశారు, ఆ రుణం మరువలేనిది. నా కూతురు మాత్రం తల కప్పుకోదు. ఒక పెళ్లిలో ఓ పెద్దమనిషి ఆమె ఎదుటే నన్నడిగారు: “ఊరి పిల్లలందరికీ చదువు చెప్పారు, ఇంట్లో పిల్లకు హయా నేర్పలేదా?” వయసులో పెద్దవారని ఊరుకున్నాను. తిరుగుదారిలో అది అన్నది: “అమ్మీ, నిన్ను తీయమన్నప్పుడు మన వీధంతా కదిలింది. నన్ను వేసుకోమన్నప్పుడు నువ్వు కూడా మాట్లాడలేదు.”

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నూర్ సూరాలో చూపు దించుకొమ్మనే ఆజ్ఞ 30వ ఆయత్‌లో ముందు పురుషులకే వచ్చింది, ఆ తరువాతి ఆయత్‌లోనే స్త్రీల ప్రస్తావన. ఆ పెద్దమనిషికి ఈ వరుస గుర్తుచేసి ఉండవలసింది. ఈరోజు చేస్తున్నాను, ఆయన ఈ సభలోనే ఉన్నారనుకుంటాను.

“విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని 1966లో ఈ నగరం నినదించింది, ప్రాణాలర్పించింది. ఆ నినాదంలోని హక్కు అన్న మాట అరబ్బీ ‘హఖ్’ నుంచి మన భాషలోకి వచ్చింది. కళాశాల యాజమాన్యాల ముందు ఆ మాట గట్టిగా పలుకుదాం. అదే గొంతుతో మన వంటింట్లో, మన పెళ్లి పందిట్లో కూడా పలకాలని నా కోరిక.

జూన్‌లో ప్రవేశాలు మొదలవుతాయి. ద్వారం పక్కన బల్లపై ఒక పుస్తకం పెట్టించాను. మీ వీధిలో చదువు ఆగిపోయిన ఆడపిల్లలుంటే పేరు, ఎక్కడ ఆగిందీ, ఎందుకు ఆగిందీ రాయండి. ముసుగు వేసుకుంటుందా లేదా అన్న గడి అందులో లేదు. రేవులో పనిచేసే ఆ తండ్రి వెనుక వరుసలో ఉన్నారు, మొదటి పేజీలో మొదటి పేరు ఆయనే రాశారు.