ప్రదర్శనము ముగిసిన పిదప గ్రామమునకు మిగులునదేమి?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

హైదరాబాదు నాంపల్లిలో జరుగు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమును మీలో పలువురు చూచియుందురు. జనులు దానిని నుమాయిష్ అని పిలుతురు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దీనిని పబ్లిక్ గార్డెన్సులో ప్రారంభించిరి. నాటి హైదరాబాదు సంస్థానపు ఆర్థిక పరిస్థితులను సర్వే చేయుటకు కావలసిన ధనమును సమకూర్చుటయే వారి ఉద్దేశము. కొద్ది దుకాణములతో మొదలైన ఆ ప్రదర్శనము 1946లో నాంపల్లి మైదానమునకు మారినది. నేడు అచ్చట అంతకంటె చాల ఎక్కువ దుకాణములు వెలయుచున్నవి.

ఇట్టి ప్రదర్శనమువలన లాభము మూడు విధములుగా కలుగును. మొదటిది ప్రవేశ రుసుము, దుకాణముల అద్దె. నుమాయిష్‌ను నడపు సొసైటీ ఈ ఆదాయముతో అనేక విద్యాసంస్థలను పోషించుచున్నది. రెండవది పందిళ్లు వేయువారికి, విద్యుత్ పనివారికి, కూలీలకు, ఫలహారశాలలవారికి దొరకు పని. మూడవది, అన్నిటికంటె నిలుకడగలది, ప్రదర్శనము ముగిసిన పిదప వచ్చు ఆర్డర్లు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతగాడు కొనువారిని ముఖాముఖి కలిసికొనును. ఏ రంగు, ఏ అంచు వారికి నచ్చునో తెలిసికొనును. ఒక వర్తకుడు ఆర్డరిచ్చినచో మగ్గమునకు నెలల తరబడి పని దొరకును.

అయితే జరిగిన అమ్మకమంతయు ఊరికి లాభమని తలచరాదు. 100 రూపాయల అమ్మకములో 80 రూపాయలు పరాయి సరకునకు ఖరీదుగా పోయినచో, ఊరిలో నిలుచునది 20 రూపాయలే. మన కిరాణా కొట్టులో కొనవలసినవారు ప్రదర్శనములో కొనినచో, ఆ 20 రూపాయలును క్రొత్త ఆదాయము కాదు. పారిశుధ్యము, మంచినీరు, రక్షణ వీనికగు ఖర్చు వేరు. 2019 జనవరి 30వ తేదీ రాత్రి నుమాయిష్‌లో అగ్నిప్రమాదము సంభవించి అనేక దుకాణములు దగ్ధమైనవి. చిరువ్యాపారుల పెట్టుబడి ఒక్క రాత్రిలో బూడిదయ్యెను.

కావున జాతరకో, సంతకో చేర్చి ప్రదర్శనము పెట్టుటకు ఎవరైన అనుమతి కోరినపుడు ఈ విషయములు గమనింపుడు. ముందు వరుసలో కొన్ని దుకాణములను మన నేతగాండ్రకు, కుమ్మరులకు, మహిళా సంఘములకు కేటాయింపుడు. పారిశుధ్యపు ఖర్చును ముందుగనే లెక్కించి, అద్దెలో చేర్చి, ఒప్పందమున వ్రాయించుడు. అగ్నిమాపక శకటము లోనికి వచ్చుటకు దారి విడువనిదే అనుమతి ఈయకుడు. ప్రదర్శనము ముగియగనే వచ్చినదెంత, ఖర్చయినదెంత, మనవారికి దొరకిన ఆర్డర్లెన్ని అను లెక్కను గ్రామసభ ముందుంచుడు. మరుసటి సంవత్సరము అనుమతి ఈయవలెనో వలదో ఆ లెక్కయే మీకు తెలుపును.