క్యాషు, కాసు



రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేనేదో కావ్యమును గూర్చి ప్రసంగింతునని మీరు తలచి యుందురు. లెక్కలు వ్రాసి బ్రదికినవాడను. కావ్యములు రాత్రివేళ దీపము క్రింద చదువుకొన్నవే. కావున నేడు పగటిపనిలోని మాట నొకదానిని తీసికొందును. అది 'క్యాషు'. ఈ మాట యెఱుగని యిల్లు మన మొగల్తూరులో లేదు. చెఱువు కౌలు మాటాడునప్పుడును, కొట్టులో సామాను కట్టించునప్పుడును అదియే మాట. మనకు రొక్కమున్నది, అరబ్బీనుండి వచ్చిన నగదున్నది. అయినను క్యాషే నాలుకమీద నిలిచినది.

ఆంగ్లనిఘంటువు తెఱచి చూచినచో ఇది ఒక మాట కాదు, రెండు. వ్రాత యొకటే, పలుకు ఒకటే, పుట్టిండ్లు వేఱు.

మొదటిదాని పుట్టిల్లు లాటిను భాష. అందు 'కాప్సా' యనగా పెట్టె. అది ఇటలీలో 'కాస్సా' యయి, ఫ్రెంచిలో 'కేస్' అయి, 16వ శతాబ్దము చివర ఇంగ్లండు చేరినది. అచ్చట తొలుత సొమ్ము దాచు పెట్టెకును ఆ పేరు చెల్లినది. తరువాత పెట్టె పోయి లోని సొమ్ముకే పేరు మిగిలినది. మంచె కేక వేయుచున్నదన్నచో మంచెమీది మనిషి యని మన మెఱుగుదుము గదా. మన ఆలంకారికులు దీనిని లక్షణ యందురు. ఇంకొక ముచ్చట. రోమనులు కాప్సా అను గుండ్రని పెట్టెలో చుట్టిన గ్రంథములను పెట్టుకొనెడివారు. కలవారి పిల్లవాడు బడికి పోవునప్పుడు సేవకుడొకడు ఆ పెట్టె మోసికొని వెంట నడచెడివాడు. ఆ విధముగా క్యాషునకు మూలము పుస్తకముల పెట్టెయు నగును! మనము మ్రింగు మందుగొట్టము 'క్యాప్స్యూలు' కూడ ఆ వంశపు చిన్న పెట్టెయే. కోర్టు కేసు మాత్రము దీని తోబుట్టువు కాదు. అది 'పడుట' యను అర్థముగల వేఱొక లాటిను మాటనుండి వచ్చినది. అందు పడినవారికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. బ్యాంకులోని క్యాషియరు పెట్టె వంశమువాడే. కాని సైన్యమున అధికారిని అవమానముతో తొలగించుటకు ఆంగ్లమున అవే అక్షరములతో ఒక క్రియ యున్నది. అది పగులగొట్టుట యను మాటనుండి డచ్చివారి మీదుగా వచ్చినది.

రెండవ క్యాషు మనది. అమరకోశము ప్రకారము 5 గురిగింజలు ఒక మాషము, 16 మాషములు ఒక కర్షము. ఆ కర్షమునుండియే తమిళమున, తెలుగున కాసు పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. పోర్చుగీసువారు కాసును 'కైషా' యనిరి. వారి భాషలో పెట్టెకును అదే పేరు గావున రెండు మాటలును అచ్చటనే కలిసిపోయినవి. ఆంగ్లేయులు వారినుండి గ్రహించి క్యాషు అనిరి. చీనావారి చిల్లి రాగినాణెమునకు సైతము ఆ పేరే పెట్టిరి. (మన దేశమున 1943 మొదలు నడచిన చిల్లికాణీని మీలో వృద్ధులు కొందఱు మొలత్రాట కట్టుకొనియే యుందురు.)

చెన్నపట్టణమున కుంఫిణీవారి లెక్కలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. అనగా వరహాకు 3360 కాసులు. 20 కాసుల రాగినాణెము పేరు డబ్బు. అదియే నేడు సమస్త ధనమునకు పేరైనది. డబ్బాలో దాతుము గనుక డబ్బు అని యెవరో నాతో వాదించిరి. చెవికి ఇంపుగ నున్నదని చుట్టఱికము కలుపరాదు. 1808లో కుంఫిణీవారు కాసులు బర్మింగుహాములో కొట్టించి ఓడ కెక్కించిరి. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరముననే మునిగినది. 1818లో రూపాయి లెక్క వచ్చి కాసు లెక్క పోయినది. మన ప్రక్క నరసాపురము చెంత మాధవాయపాలెము పేర 'మడపొల్లము' అను బట్ట ఆంగ్లనిఘంటువుల కెక్కినది. కనుక కాసు ఒంటరిగ పోలేదు.

ఇక ఒక తగవు. మన గ్రంథాలయము పెట్టిన ఐదాఱేండ్లకు ఒక యాడుపడుచు నాయొద్దకు ఒక కాగితము తెచ్చినది. 1982లో తండ్రి వ్రాసియిచ్చినది. పసుపుకుంకుమలకై ఆఱు కాసులు ఇచ్చునట్లు అందున్నది. తండ్రి ఇయ్యకయే గతించెను. అప్పటికి బంగారము ధర మండుచున్నది. అన్నగారు బుద్ధిమంతుడు, ఈ గ్రంథాలయమునకే వచ్చి, నిఘంటువు తీసి, నాకు చూపెను. "చూడండి పంతులుగారూ, కాసనగా మిక్కిలి చిన్న రాగి నాణెము. ఆఱు కాదు, అఱువది యిత్తును."

నాకు నవ్వు రాలేదు. ఆమె తల వంచుకొని నిలుచున్నది. నిఘంటువు అబద్ధము చెప్పలేదు, ఆ యర్థము నిజమే. కాగితము మఱల చదివితిని. రొక్కమంతయు రూపాయలలో, పైసలలో నున్నది. రాగి కాసు లెక్క పోయి అప్పటికి 164 ఏండ్లు. చెలామణిలో లేని రాగిని పెండ్లికూతునకు ఏ తండ్రి వ్రాయును? బంగారపు సవరనును మన గోదావరి ప్రాంతమున కాసందురు, ఎనిమిది గ్రాములు. 'నీ యింటి కాసులపేరు రాగిదా?' యని మాత్రము అడిగితిని.

వారము తిరుగకముందే అన్నగారు ఐదు కాసులు తూచి యిచ్చెను. ఆఱవది సంక్రాంతికి ఇత్తుననెను. ఏ సంక్రాంతికో చెప్పలేదు. ఆమె ఈ సభలోనే యున్నది, ఆయనయు ఉన్నాడు.