డ్రాయింగ్ ఫోన్‌లోకి వచ్చింది, మార్పు మేస్త్రి దాకా చేరిందా?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా సివిల్, మెకానికల్ చదువుతున్నవాళ్లకి, డ్రాఫ్టింగ్ ఆఫీసుల్లో, సైట్లలో కొత్తగా చేరినవాళ్లకి. మిగతావాళ్లు స్క్రోల్ చేసి వెళ్లిపోకండి. రేపు మీరు ఇల్లు కట్టించుకున్నా, ఫ్లాట్ కొనుక్కున్నా ఈ విషయం మీ స్లాబ్‌లోనే ఉంటుంది.

విషయం పేరు డిజైన్ రివ్యూ. పెద్ద మాటేం కాదు. ఒకరు గీసిన డ్రాయింగ్‌ని ఇంకొకరు చూసి, "ఇక్కడ తప్పుంది, ఇది జరపాలి, ఈ కొలత సరిచూడు" అని గుర్తులు పెట్టి వెనక్కి పంపడం. అంతే. ఈ పని ఒకప్పుడు కాగితం మీద ఎర్ర పెన్నుతో జరిగేది, తర్వాత కంప్యూటర్‌లోకి వచ్చింది, ఇప్పుడు క్లౌడ్‌లోకి, మన ఫోన్‌లోకి వచ్చింది. ఫోన్‌లోకి వచ్చింది కదా, ఇక తప్పులు జరగవు అనుకుంటే మాత్రం పొరపాటే. ఎందుకో చెప్పడానికి ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను.

నేను జూనియర్ సైట్ ఇంజినీర్‌గా చేరిన కొత్తలో హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ పని. సెల్లార్, పైన ఐదంతస్తులు. ప్లంబింగ్ కన్సల్టెంట్ డ్రాయింగ్ మీద ఎర్ర మబ్బులు గీసి మెయిల్ చేసేవారు. రివిజన్ క్లౌడ్ అంటాం కదా, అదే. సోమవారం ఒక కాపీ వచ్చింది. నేను దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ప్రింట్ తీయించి, ప్లంబింగ్ మేస్త్రి చేతిలో పెట్టాను. మంగళవారం రాత్రి ఇంకో కాపీ వచ్చింది. షాఫ్ట్ గోడ 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అడుగు జరిగింది, దాంతోపాటు పైపుల కోసం వదిలే స్లీవులు కూడా జరపాలి. ఆ మెయిల్ మా సీనియర్‌కి వెళ్లింది. ఆయన నాకు ఫార్వర్డ్ చేశారు. ఫైల్ పేరు చివర "ఫైనల్ కొత్తది" అని ఉంది. నా దగ్గర అప్పటికే "ఫైనల్" ఉంది. రెండూ ఒకటే అనుకున్నాను, తెరిచి చూడలేదు. బుధవారం పొద్దున కాంక్రీట్ పోసేశాం.

సెంట్రింగ్ విప్పాక చూస్తే రెండు బాత్‌రూమ్‌ల స్లీవులు షాఫ్ట్‌లో లేవు, అడుగు ఇవతల, కింది ఫ్లాట్ వంటగది సీలింగ్‌లో ఉన్నాయి. ఇక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవడం, కమ్మీ ఎక్కడుందో చూడటం, కోర్ కటింగ్ మెషిన్ తెప్పించి కొత్త రంధ్రాలు వేయించడం, పాతవి పూడ్చడం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అసలు బాధ అది కాదు. ఆఫీసులో "తప్పు పెట్టిన మేస్త్రి బిల్లు ఆపండి" అన్నారు. మేస్త్రి నా దగ్గరకొచ్చి, "సారూ, మీరిచ్చిన కాయితం ప్రకారమే పెట్టాం కదా" అన్నాడు. నిజమే. ఆ కాగితం మూల మీద ప్రింట్ తేదీ కూడా ఉంది. కానీ నేను రెండు రోజులు నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం, భయం. మూడో రోజు ఆ ప్రింట్ తీసుకెళ్లి సీనియర్ టేబుల్ మీద పెట్టి, ఇచ్చింది నేనే అని చెప్పాను. తిట్లు పడ్డాయి, మేస్త్రికి డబ్బులు వచ్చాయి. కానీ ఆ రెండు రోజులు అతని కింద పనిచేసే నలుగురికి కూలి ఆగింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతికి వద్దాం. అప్పుడు మేం వాడింది ఆటోడెస్క్ డిజైన్ రివ్యూ అనే ప్రోగ్రామ్. ఉచితంగా దొరికేది, విండోస్ కంప్యూటర్‌లో మాత్రమే నడిచేది. అది చదివే ఫైల్ పేరు డీడబ్ల్యూఎఫ్. ఆటోడెస్క్ 1990ల మధ్యలో తెచ్చిన ఫార్మాట్ అది. అసలు ఆటోక్యాడ్ ఫైల్ బరువుగా ఉంటుంది, పైగా ఎవరు పడితే వాళ్లు గీతలు మార్చేయొచ్చు. డీడబ్ల్యూఎఫ్ తేలిగ్గా ఉంటుంది, చూడొచ్చు, కొలవొచ్చు, పైన గుర్తులు పెట్టొచ్చు, కింది గీతలు మాత్రం కదలవు. అప్పటి ఇంటర్‌నెట్ స్పీడ్‌కి అదే వరం.

అందులో ఇంకో మంచి సంగతి ఉండేది. కన్సల్టెంట్ పెట్టిన గుర్తుల్ని ఆటోక్యాడ్‌లో మార్కప్ సెట్ మేనేజర్‌లో తెరిస్తే, ఏ మబ్బు ఎక్కడుందో డ్రాయింగ్ మీదే కనిపించేది. ప్రతి గుర్తుకీ ఒక స్టేటస్ పెట్టొచ్చు: ప్రశ్న, రివ్యూకి, పూర్తయింది. అంటే ఈనాటి యాప్‌లు చేసే పనిలో సగం అప్పుడే ఉంది. దాన్ని పాతదని తీసిపారేయకండి.

మరి లోపం ఎక్కడ? ఆ స్టేటస్ ఆ ఫైల్ లోపలే ఉండేది. ఫైల్ ఐదుగురికి వెళ్తే ఐదు కాపీలు. నా కాపీలో "పూర్తయింది", మీ కాపీలో "ప్రశ్న". ఎవరి కాపీ వాళ్లది, ఎవరి నిజం వాళ్లది. నా స్లీవులు తప్పింది అక్కడే.

తర్వాత కథ వేగంగా మారింది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. అదే ఏడాది ఆటోక్యాడ్ డబ్ల్యూఎస్ పేరుతో ఫోన్‌లో, బ్రౌజర్‌లో డ్రాయింగ్ తెరిచే సదుపాయం వచ్చింది. 2013లో దాని పేరు ఆటోక్యాడ్ 360 అయింది. ఇప్పటి ఆటోక్యాడ్ మొబైల్, వెబ్ యాప్‌ల మూలం అక్కడుంది. ఇంకోవైపు ప్లాన్‌గ్రిడ్ అనే యాప్, డ్రాయింగ్ కట్టలు మోసే బాధ లేకుండా సైట్‌లో ఐప్యాడ్ మీదే షీట్లు చూసేలా చేసింది. 2018లో ఆటోడెస్క్ ఆ కంపెనీని 87.5 కోట్ల డాలర్లకి కొనేసింది. సైట్‌లో ఒక మనిషి చేతిలోని డ్రాయింగ్‌కి ఎంత విలువుందో ఆ అంకె చెప్తుంది. డిజైన్ రివ్యూకి మాత్రం 2013 వెర్షన్ తర్వాత 2018 పేరుతో ఒక వెర్షన్ వచ్చింది, అంతే.

క్లౌడ్ అంటే లోపల ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తాను. మీరు మోడల్‌ని అప్‌లోడ్ చేస్తే అవతల సర్వర్ దాన్ని బ్రౌజర్‌కి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. మీరు తెరిచినప్పుడు మొత్తం ఫైల్ దిగదు, చూడటానికి కావలసిన ముక్కలు వస్తూ ఉంటాయి. అందుకే మామూలు ఫోన్‌లో కూడా భవనం మోడల్ తిప్పి చూడగలుగుతున్నాం. ఆటోడెస్క్ వ్యూయర్ ఇలాగే పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, చాలా రకాల ఫైళ్లు తెరుచుకుంటాయి, డీడబ్ల్యూఎఫ్ కూడా.

కానీ ఫ్రెండ్స్, అసలు మార్పు కంప్యూటర్ నుంచి ఫోన్‌కి రావడం కాదు. ముందు ఫైల్ తిరిగేది, మనుషులు కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఫైల్ ఒకచోట ఉంటుంది, మనుషులు లింక్ పట్టుకుని దాని దగ్గరికి వెళ్తారు. కన్సల్టెంట్ మంగళవారం రాత్రి గుర్తు పెడితే, బుధవారం పొద్దున నేను తెరిచే షీట్‌లో అది ఉంటుంది. ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఎవరు చూడాలి, ఎప్పటిలోగా, అన్నీ దానికే అంటుకుని ఉంటాయి. అసలు మార్పు అంటే ఇది.

ఇది అర్థం కాకపోతే ఏమవుతుందో మన సైట్లలో రోజూ చూస్తున్నాం. చేతిలో ఫోనుంది, డ్రాయింగ్ వాట్సాప్‌లో ఫోటోగా వస్తుంది. ఫోటో కుదించుకుపోయి మసకబారుతుంది, 3 ఏదో 8 ఏదో తెలీదు. గ్రూపులో పండగ శుభాకాంక్షల మధ్య రివిజన్ కొట్టుకుపోతుంది. ఇది మొబైల్ టూల్ కాదు, పాత పెన్‌డ్రైవ్‌కే కొత్త చొక్కా. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా వద్దు. ఫోన్ స్క్రీన్ మీద వేలితో కొలిచి పని చేయించకండి. రాసిన కొలతే కొలత.

సరే, డెస్క్‌టాప్ నుంచి మారాలంటే ఏం చేయాలి? నేను నేర్చుకున్నవి చెప్తాను.

మొదటిది, పాత డీడబ్ల్యూఎఫ్‌లను చెరిపేయకండి. అసలు ఫైల్ దాచండి, దానితోపాటు గుర్తులు కనిపించేలా పీడీఎఫ్ ప్రింట్ ఒకటి తీసి పెట్టండి. పీడీఎఫ్ 2008 నుంచి ఐఎస్ఓ ప్రమాణం, ఒక్క కంపెనీ ప్రోగ్రామ్ మీద ఆధారపడదు. పదేళ్ల తర్వాత గోడలో లీకేజీ వస్తే మీకు కావలసింది ఆ ఎర్ర గుర్తులే.

రెండోది, ఫైల్ పేరులో "ఫైనల్" అనే మాట రాయడం మానేయండి. ఆటోడెస్క్ క్లౌడ్ లాంటి చోట్ల అదే పేరుతో మళ్లీ అప్‌లోడ్ చేస్తే పాతదాని మీద కొత్త వెర్షన్‌గా కూర్చుంటుంది. మీరు పేరు మార్చి పెడితే అది వేరే ఫైల్ అయిపోతుంది. లక్షలు పెట్టి క్లౌడ్ కొని, అందులో మళ్లీ నా పెన్‌డ్రైవ్ గందరగోళమే పెట్టుకున్నట్టు. రివిజన్ నంబరు టైటిల్ బ్లాక్‌లో రాయండి.

మూడోది, ఏ డ్రాయింగ్ పనికి వాడొచ్చో స్పష్టంగా ఉండాలి. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 ప్రమాణం దీన్ని నాలుగు స్థితులుగా చెప్తుంది: ఇంకా గీస్తున్నది, మిగతావాళ్లకి చూపించింది, పనికి విడుదల చేసింది, దాచిపెట్టింది. చూపించినదానికీ విడుదల చేసినదానికీ తేడా తెలీకపోతే, చర్చలో ఉన్న గీతకి కాంక్రీట్ పోసేస్తాం.

నాలుగోది, సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు. పైనున్నప్పుడే షీట్లు ఫోన్‌లోకి సింక్ చేసుకుని దిగండి, పైకొచ్చాక మళ్లీ సింక్ చేయండి. లేకపోతే కింద మీరు చూస్తున్నది నిన్నటి డ్రాయింగ్ కావచ్చు.

ఐదోది, గుర్తు ఎవరికి అప్పజెప్పారో వాళ్లే "పూర్తయింది" అని మూసేయకూడదు. ఇంకొకరు వెళ్లి చూసి మూయాలి.

ఇందులో నష్టాలు లేవా? ఉన్నాయి. చూడటం ఉచితమే గానీ, పనులు అప్పజెప్పి వెంటపడే సదుపాయాలకి ఏటా డబ్బు కట్టాలి. చిన్న ఆఫీసుకి అది భారమే. అలాంటివాళ్లు ఒకే ఒక షేర్డ్ ఫోల్డర్, ఒక రివిజన్ రిజిస్టర్ పెట్టుకుని కచ్చితంగా పాటించినా సగం గండం గడుస్తుంది. ఇంకోటి, అకౌంట్ ఎవరి పేరు మీదుంటే చరిత్ర వాళ్ల చేతిలో ఉంటుంది. ప్రాజెక్ట్ అయిపోయాక చందా ఆపేస్తే ఏమవుతుందో ముందే అడగండి. పని ముగిసే లోపు డ్రాయింగులు, గుర్తులు, ఫోటోలు దించుకుని మీ దగ్గర పెట్టుకోండి.

చివరిగా, అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది. ఆ యాప్‌లో లాగిన్ ఇంజినీర్‌కి ఉంటుంది, కన్సల్టెంట్‌కి ఉంటుంది. మేస్త్రికి ఉండదు. చాలా సైట్లలో ఇప్పటికీ అతనికి అందేది కాగితమే. కాబట్టి క్లౌడ్‌లో రివిజన్ మారిన రోజే పాత ప్రింట్ అతని దగ్గర్నుంచి వెనక్కి తీసుకోండి, దాని మీద అడ్డంగా "రద్దు" అని రాయండి. కొత్త ప్రింట్ మీద రివిజన్ నంబరు, తేదీ, ఇచ్చినవాళ్ల పేరు రాసి ఇవ్వండి. వీలైతే ఆ షీట్‌కి ఒక క్యూఆర్ కోడ్ పెట్టండి, అతని ఫోన్‌లో కూడా తాజా డ్రాయింగ్ తెరుచుకోనీయండి. మీ స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్ పడితే పని అయిపోయినట్టు కాదు, మార్పు స్లీవు పెట్టే చేతి దాకా వెళ్లాలి.

నా రోజుల్లో ఎవరు ఎప్పుడు ఏ కాపీ తెరిచారో చెప్పే రికార్డు ఉంటే మేస్త్రి మీద మాట పడేది కాదు. మెయిల్ నాకొచ్చింది, నేను తెరవలేదు అని ఒక్క నిమిషంలో తేలేది. కొంతమందికి ఆ రికార్డు అంటే భయం, మన మీద నిఘా పెట్టారని. నిజమే, అది నా తప్పు కూడా చూపించేది. కానీ తప్పు చేయనివాడికి రెండు రోజుల కూలి మిగిలేది. ఆ లెక్కలో చూస్తే ఆ రికార్డు ఉండటమే మంచిదనిపిస్తుంది నాకు.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్ తీసి, మీరు పనిచేస్తున్న ఏదో ఒక డ్రాయింగ్ తెరవండి. అది ఏ రివిజనో, ఏ తేదీదో, పనికి విడుదలైందో లేదో పది సెకన్లలో చెప్పగలరా చూడండి. చెప్పలేకపోతే పని మొదలుపెట్టేముందు ఒక ఫోన్ చేసి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.