నాణెం మనదే, కాగితమేదీ?

(తొర్రూరులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, కరువు భృతి బకాయిల గురించి మాట్లాడటానికి నాకన్నా తెలిసిన పెద్దలు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు మాత్రం "మీరు పాత నాణేలు కూడబెట్టారు కదా, ఆ ముచ్చట చెప్పండి" అన్నారు. సరే అన్నాను. అయితే మిత్రులారా, నా డబ్బా తెరచి గొప్పలు చెప్పుకోవడానికి రాలేదు. ఆ డబ్బాలో నలభై ఏళ్ళకు పైగా దాగి ఉన్న నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని, మీరెవరూ అటువంటిది చేయకుండా నాలుగు మాటలు మనవి చేద్దామని వచ్చాను.

ఈ అలవాటు నాకు మా నాయన వల్ల వచ్చింది. ఆయన దగ్గర నిజాం కాలపు హాలీ సిక్కాలు కొన్ని ఉండేవి. వాటిలో చార్మినార్ బొమ్మ గల రూపాయి ఒకటి నాకు చిన్నప్పుడు చేతిలో పెట్టి, "దీన్ని ఖర్చు పెట్టకు, ఇక చెల్లదు" అని నవ్వారు. చార్మినార్ బొమ్మ గల నాణేలు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 అనగా 1903-04 ప్రాంతంలో మొదలైనాయి. నా దగ్గరున్నది ఆ సంవత్సరానిదే. హాలీ సిక్కా చెలామణి పోయిన తరువాత మన ఇండ్లలో కొన్ని దేవుని అరలో, కొన్ని పిల్లల మొలతాడులో, కొన్ని కంసాలి మూసలో చేరిపోయినాయి.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. 1972లో వచ్చి, 1976 ఏప్రిల్ 5 నుండి అమలైన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం 'పురావస్తువు' అవుతుంది. నేను సర్వీసులో చేరిన రోజున మా నాయన ఇచ్చిన రూపాయి ఉత్త పాత రూపాయి. నేను రిటైరయ్యే నాటికి అదే పెట్టెలో, అదే గుడ్డలో ఉండి పురావస్తువు అయింది. జీ.వో. రాలేదు, మెమో రాలేదు. సంవత్సరాలు నిండినాయి, అంతే. ఏడవ నిజాం 1911లో గద్దెనెక్కారు. ఆయన తొలి రోజుల నాణేలు కూడా ఇప్పటికే ఈ లెక్కలోకి వచ్చేశాయి. ఏటేటా ఇంకొన్ని వస్తాయి. కనుక "మా దగ్గర పురావస్తువులెక్కడివి?" అనుకునేవారు ఇంటికి వెళ్ళి ఒకసారి పెట్టె తెరచి చూడండి.

భయపడవలసింది లేదు. పాత నాణేలు ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న తాళపత్రాల వంటి వాటిని రిజిస్టరు చేయించాలన్న నిబంధన ఉన్నది గాని, నాణేలకు ఆ నిర్బంధం లేదు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. సొంతంగా విదేశాలకు పంపడం మాత్రం పూర్తిగా నిషేధం. దానికి ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. అమెరికాలో ఉన్న అబ్బాయికి గుర్తుగా ఒక పాత నాణెం సూట్‌కేసులో పెట్టి పంపేవారు ఈ మాట మరువవద్దు.

అసలు చిక్కు వేరే ఉన్నది. నాణెం నాదే అని చెప్పడం ఎట్లా? భూమికి పహాణీ ఉన్నది, పట్టాదారు పాసు పుస్తకం ఉన్నది. నాణేనికి ఏమున్నది? ఒక వస్తువు ఎవరి చేతిలో ఉంటే వారిదే అని ముందు అనుకోవాలనీ, కాదన్నవాడే నిరూపించాలనీ 1872 నాటి సాక్ష్య చట్టం 110వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 113వ సెక్షను అయింది. వినడానికి ఇది ధైర్యంగానే ఉంటుంది. కాని ఆ నాణెం మన్నులో దొరికిందని తేలితే లెక్క మారిపోతుంది. అప్పుడు అడిగేది "ఎవరి చేతిలో ఉన్నది?" అని కాదు. "ఎక్కడ, ఎప్పుడు దొరికింది? ఎవరికి తెలిపినారు?" అని.

అందుకు 1878 నాటి నిక్షేపాల చట్టం ఉన్నది. భూమిలో దాగి ఉన్న విలువ గల వస్తువు ఏదైనా నిక్షేపమే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలుపాలి. వస్తువును ఖజానాలో జమ చేయాలి, లేదా జామీను ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా ఆరు నెలలకు మించకుండా ఒక తేదీ పెట్టి, హక్కుదారులను పిలిచి విచారిస్తారు. సొంతదారు లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవానికి మూడు పాళ్ళు, భూయజమానికి ఒక పాలు. ప్రభుత్వం తీసుకోదలిస్తే ఆ లోహం విలువ, దాని మీద అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. దాచిపెట్టినవాడు ఆ హక్కు పోగొట్టుకోవడమే గాక, ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఈ చట్టంలో ఒక లోపం ఉన్నదని నా అభిప్రాయం. శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసానివి, రాగివి, పోటిన్ అనే మిశ్రమ లోహానివి. సీసం ధర కట్టి అయిదో వంతు కలిపితే రైతుకు ఆటో కిరాయి రాదు. అందుకే చాలామంది చెప్పరు. లంకెబిందెల కథలు వినే మన జనానికి సీసపు బిళ్ళ పనికిరానిదిగా కనబడుతుంది. పిల్లలు ఆడుకుంటారు, వలకు గుండ్లుగా కరిగిస్తారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

1979లో నేను మన పాత వరంగల్ జిల్లాలోనే ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఒక ముసలి రైతు రుమాలు మూట పట్టుకొని వచ్చాడు. ఊరి పక్క పాటిగడ్డ నుండి పొలానికి పాటిమన్ను బండ్ల మీద తోలుతుంటే దొరికాయట. పదకొండు సీసపు బిళ్ళలు. ఒకదాని మీద ఏనుగు తెలుస్తున్నది. "సారూ, సర్కారుకు చెప్పాలెనట గద? తెచ్చిన" అన్నాడు. చట్టం పేరు కూడా తెలియని మనిషి చట్టం చెప్పిన పని చేశాడు. చట్టం తెలిసిన నేను చేయలేదు. ఆ రోజు అధికారి క్యాంపులో ఉన్నారు. "ఉంచిపో పెద్దాయనా, చూస్తా" అన్నాను. ఇన్‌వార్డు నంబరు వేయలేదు. రసీదు ఇవ్వలేదు. రేపు చూపిద్దాం, ఎల్లుండి చూపిద్దాం అనుకుంటుండగా నాకు బదిలీ వచ్చింది. మూట నాతోనే వచ్చింది. నిజం చెప్పాలంటే, అవి నాకు నచ్చినాయి. ఏ ఫైలైనా మూడు రోజులు ఆగితే మెమో ఇచ్చే మన ఉద్యోగంలో, ఈ ఒక్క ఫైలు నలభై ఏళ్ళు దాటి నా బీరువాలో ఆగిపోయింది.

మిత్రులారా, అవి ఎందుకు విలువైనవో తరువాత పుస్తకాలు చదివితే తెలిసింది. గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉన్నది కదా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. అక్కడ దొరికిన నాణేలను ధర్మపురి వాసి సంగనభట్ల నరహరి శర్మ గారి వంటివారు సేకరించి పండితుల దృష్టికి తెచ్చారు. డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివి లోకానికి చెప్పారు. గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు ఆ నాణేల వల్లనే మనకు తెలిసినాయి. శాతవాహన వంశంలో మొదటివాడైన శ్రీముఖుని నాణేలు కూడా అక్కడ దొరికాయి. అవి ఏ ఊరివో తెలుసు గనుక చరిత్ర అయినాయి. ఊరు తెలియని నాణెం ఎంత పాతదైనా అనాథే. నేను ఆ ముసలాయన పేరు గుర్తు పెట్టుకున్నాను, ఊరు గుర్తు పెట్టుకున్నాను, కాని కాగితం మీద పెట్టలేదు.

నిరుడు మా మనుమడు, లా చదువుతున్నాడు, ఆ డబ్బా తెరచి ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. "తాతా, ఈ చార్మినార్ రూపాయి?" మా నాయన ఇచ్చినది. "ఈ రాగి దుడ్డు?" ఫలానా సంవత్సరం హైదరాబాదులో కొన్నాను, చీటీ ఉన్నది. చివరికి ఆ మూట విప్పి "ఇవి మనవేనా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు పైచిలుకు పంచనామాలు రాసినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేకపోయాను.

మన పక్క జనగామ దగ్గర పెంబర్తిలో 2021 ఏప్రిల్‌లో ఏమి జరిగిందో మీరు పత్రికలలో చదివే ఉంటారు. భూమి చదును చేస్తుంటే బిందె బయటపడింది. నూట ఎనభై గ్రాములకు పైగా బంగారం, కిలోన్నరకు పైగా వెండి. అధికారులు వచ్చి, తూకం వేసి, జాబితా రాసి స్వాధీనం చేసుకున్నారు. అంత బంగారానికి అంత కాగితం పుట్టింది. పదకొండు సీసపు బిళ్ళలకు ఒక అర్జీ పుట్టించలేకపోయానే అని ఆ రోజే నాకు మనసులో గుచ్చుకున్నది. అయినా కదలలేదు. పిల్లవాడు అడిగితే గాని కదలలేదు.

అప్పుడు కూర్చొని జరిగినది జరిగినట్లు కలెక్టరు గారికి అర్జీ రాశాను. పదకొండు నాణేలు జమ చేసి రసీదు తీసుకున్నాను. తరువాత ఆ ఊరికి వెళ్ళాను. ముసలాయన పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు ఉన్నాడు, అతనికీ మనంత వయసే. చెప్పవలసింది చెప్పి, మీ నాయనకు రావలసిన మూడు పాళ్ళ మాట, దొరికించినవాడుగా ఆయన పేరు రికార్డుకెక్కవలసిన మాట నేను మింగేసినాను, క్షమించమన్నాను. అతను కోపగించుకోలేదు. "మా నాయిన చెప్పేటోడు సార్, సర్కారుల అప్పజెప్పిన, సారు దగ్గర పైలంగున్నయని" అన్నాడు. మిత్రులారా, తిట్టి ఉంటే బాగుండేది. అర్జీ నకలు అతని చేతికిచ్చాను. అందులో వాళ్ళ నాయన పేరు మొదటి వాక్యంలోనే ఉన్నది.

పెద్దవారి సంగతీ ఇంతే. జహంగీర్ చక్రవర్తి పేర ముద్రించిన వెయ్యి తులాల, అంటే దాదాపు పన్నెండు కిలోల బంగారు మొహరు నిజాముల దగ్గర ఉండేదని చెబుతారు. అది 1987లో జెనీవాలో వేలానికి వచ్చిందని తెలిసి భారత ప్రభుత్వం సి.బి.ఐ. చేత విచారణ చేయించింది. ఎవరిదో, ఎట్లా వెళ్ళిందో తేలలేదు. 2022లో మళ్ళీ వెతుకులాట మొదలైనదని పత్రికలు రాశాయి. పన్నెండు కిలోల నాణేనికే దారి తెలియకపోతే, మన పెట్టెలోని చిల్లర మాటేమిటి?

కనుక నా మనవి. మనం గుమాస్తాలం. మనకు వచ్చిన విద్య రిజిస్టరు రాయడం. ఒక నోటుబుక్కు తీసుకోండి. క్రమసంఖ్య, నాణెం వివరం, తూకం, ఎవరి ద్వారా వచ్చింది, ఎప్పుడు, ఎక్కడ, రసీదు ఉందా లేదా అని గడులు గీయండి. రెండు వైపులా ఫోటో తీసి అంటించండి, ఎందుకంటే ఒక సీసపు బిళ్ళకూ మరొక దానికీ తేడా మన కండ్లకు తెలియదు. కొన్న చీటీలు పారవేయకండి. వారసత్వంగా వచ్చిన వాటిని ఇంటి పెద్దలు బతికుండగానే వారి మాటల్లో రాయించి సంతకం తీసుకోండి. చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు పోతాయి. తెలియని గడి ఉంటే "తెలియదు" అని రాయండి, కథ అల్లకండి. మన్నులో దొరికింది ఏదైనా ఉంటే ఈ రోజే అర్జీ రాయండి. రాయడం చేతకాకపోతే నా దగ్గరికి రండి, నేను రాసిపెడతాను. రుసుము లేదు.

మనం పోయిన తరువాత పిల్లలు ఆ పెట్టె తెరుస్తారు. నాణెం మాట్లాడదు. అప్పటికి మనమూ మాట్లాడలేము. ఆ నోటుబుక్కు ఒక్కటే మాట్లాడాలి.